అతుకు వేసిన ఆకుపచ్చ పైపు

శంషాబాద్‌లో భాగ్యలక్ష్మి ఉండే గల్లీలో ఆదివారం పూట ఎవరింట్లోనైనా గ్లాసు కనబడకపోతే ఎక్కువ వెతకనక్కర్లేదు. నేరుగా భాగ్యలక్ష్మి వాకిట్లోకి వెళ్ళి చూడాలి. ఆ గ్లాసు అక్కడ నిండా నీళ్ళతో, మూతి మీద పాత పెళ్ళిపత్రిక అట్టముక్కతో, ఎవరో ఒక పిల్ల చేతిలో తలకిందులుగా ఉంటుంది. అట్టను పట్టుకున్న చెయ్యి తీసేసినా నీళ్ళు కింద పడవు. పిల్లలు కేకలు పెడతారు. గ్లాసు వెతుక్కుంటూ వచ్చిన తల్లి కూడా వచ్చిన పని మరచిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కాసేపు నిలబడిపోతుంది.

భాగ్యలక్ష్మి టీచరేమీ కాదు. ఇంటర్‌లో సైన్సు చదువుతుండగా పెళ్ళి కుదిరింది, పుస్తకాలు అటకెక్కాయి. భర్త బాలమల్లు ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. ప్యాసింజర్లు కారులో వదిలేసి దిగిపోయిన నీళ్ళ సీసాలను డిక్కీలో వేసుకొచ్చి ఇంట్లో పడేస్తాడు. "నీ కాలేజీకి సామాను తెచ్చిన" అని ఏడిపిస్తాడు. ఆ సీసాలే ఆమెకు ప్రయోగశాల. సీసా అడుగున సూదితో చిన్న బెజ్జం పెట్టి నీళ్ళు నింపుతుంది. మూత బిగిస్తే కారడం ఆగిపోతుంది, మూత వదులు చేస్తే మళ్ళీ మొదలవుతుంది. పైనుంచి గాలి లోపలికి రాకపోతే నీళ్ళు బయటికి పోలేవని పిల్లలు ఎవరూ చెప్పకుండానే కనిపెట్టేస్తారు. మధ్యలో నెత్తి మీదుగా విమానం పోతే అందరూ మాట ఆపుతారు, శబ్దం దాటిపోగానే ఆపిన చోటునుంచే అందుకుంటారు.

గాలి సంగతులు ఆమెకు కాలేజీకంటే ముందే తెలుసు. ఆమె బాపు అని పిలిచే తండ్రి కుర్మయ్యకు మైలార్‌దేవ్‌పల్లి దగ్గర బెంగళూరు రోడ్డు మీద పంక్చర్ షాపు ఉండేది. ట్యూబులో గాలి నింపి నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడమనేవాడు. బడి లేని రోజుల్లో ఆమె పని అదే. "సూడు బిడ్డా, యాడ బొక్కున్నదో గాలే చెప్తది" అనేవాడు. ఆమె వేలు పెట్టి చూపిస్తే ఆయన ఎర్ర రబ్బరు ముక్క అతికించేవాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షాపు పోయింది. మరి కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. ఆ షాపునుంచి ఆమె ఇంటికి తెచ్చుకున్నవి రెండే: ఆ తొట్టి, తొట్టిలోకి నీళ్ళు పట్టే పొడుగాటి ఆకుపచ్చ పైపు. పైపు నడుమ ఒకచోట చిరిగితే బాపు తన చేత్తో వేసిన ఎర్ర అతుకు ఇప్పటికీ ఊడలేదు.

ఆమె ఆదివారాలకు ఒక కట్టుబాటు ఉంది. ప్రయోగం అయిపోయాక ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఒక్కొక్క 'ఎందుకు' అడగాలి. అడిగిన వాళ్ళకే బిస్కెట్టు. జవాబు తెలిస్తే భాగ్యలక్ష్మి చెబుతుంది. తెలియకపోతే సిగ్గుపడదు. "తెల్వదు బిడ్డా, తెలుసుకొని చెప్త" అంటుంది, తర్వాతి ఆదివారానికి ఫోన్లో చూసో, ఎవరినో అడిగో మాట నిలబెట్టుకుంటుంది. 'తెలుసుకొని చెప్త' అనే ఆ మాట మీద పిల్లలకు ఎంత గురి అంటే, బళ్ళో టీచరుకు తెలియని ప్రశ్నలు కూడా దాచిపెట్టుకొని ఇక్కడికి తెచ్చేవాళ్ళు.

ఈ తతంగానికి శాశ్వత ప్రేక్షకురాలు ఒకామె ఉంది, పక్కింటి చంద్రమ్మ. రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. ఆదివారం చేటలో బియ్యమో చింతపండో వేసుకొని చంద్రమ్మ ఆ గోడ పక్కన చేరేది. ఇద్దరూ ఒకే ఏడు ఈ గల్లీకి కోడళ్ళుగా వచ్చారు. వయసులో చంద్రమ్మ కొంచెం పెద్ద, అందుకని అక్క అయింది. భాగ్యలక్ష్మి కాన్పుకు దవాఖానలో పక్కన పడుకున్నది ఆమే. పుట్టిన పిల్ల ప్రియదర్శినికి చంద్రమ్మ పెద్దమ్మ. ఏ ఇంట్లో కూర బాగుంటే గిన్నె ఆ గోడ మీదుగా రెండో ఇంటికి పోయేది, ఖాళీ గిన్నె తిరిగొచ్చే అలవాటు లేదు. పిల్లకు పన్నెండేళ్ళు వచ్చేదాకా అట్లాగే సాగింది.

పైపు కథ రంజాన్ నెలలో మొదలైంది. ఎత్తు పీట మీద ఒక బకెట్, కింద ఒక బకెట్, మధ్యన సన్న పైపు. పైపు కొస నోట పెట్టి ఒకసారి పీల్చి వదిలితే పై బకెట్ నీళ్ళు అంచెక్కి, తమంతట తామే కింది బకెట్‌లోకి దూకుతాయి. పిల్లలకు ప్రాణమైన ఆట. ఆ ఏడు వెనకింటి సకీనా పిల్లలు రిదా, అమ్మార్ మొదటిసారి రోజాలు, అంటే పగలంతా నీళ్ళు కూడా ముట్టని ఉపవాసాలు, పట్టారు. పీలిస్తే నీళ్ళు నోట్లోకి వస్తాయి, రోజా పోతుంది. అందరూ ఆడుతుంటే వాళ్ళిద్దరూ చేతులు కట్టుకొని కూర్చోవడం భాగ్యలక్ష్మి చూడలేకపోయింది. వంటింట్లోకి వెళ్ళి గోధుమపిండి ముద్ద తెచ్చింది. పైపును తొట్టిలో ముంచి నిండా నీళ్ళు నింపి, రెండు కొసలకూ పిండి కూరి, మీద పాలపాకెట్ ముక్క కప్పి, రబ్బరు బ్యాండు వేసింది. ఇక దాన్ని ఎటు తిప్పినా నీళ్ళు కారవు. ఒక కొస పై బకెట్ నీళ్ళలో ముంచి ముందు ఆ మూత తీయాలి, తర్వాత కింది కొస మూత తీయాలి. అంతే, నోరు పెట్టకుండానే నీళ్ళు పారాయి. రిదా ఎగిరి గంతేసింది. ఇట్లా పిండితో మూసే పద్ధతి ఏ పుస్తకంలోనైనా ఉందో లేదో గానీ, ఆ గల్లీలో మాత్రం భాగ్యలక్ష్మి కనిపెట్టిందే.

"ఏందే భాగ్యా, మంత్రమేసినవా? జర ఇంకోసారి చూపియ్యరాదు" అంది గోడ అవతలినుంచి చంద్రమ్మ.

పెద్దవాళ్ళలో నేర్పమని అడిగిన మొదటి మనిషి ఆమె. భాగ్యలక్ష్మి మురిసిపోయి మూడుసార్లు చూపించింది. "మా నీళ్ళ డ్రమ్ము కడగాల్నంటే ఒంగి ఒంగి నడుము పోతున్నదే, దీనితోని అడుగునీళ్ళు తీయొచ్చేమో" అంది చంద్రమ్మ. భాగ్యలక్ష్మి లోపలికి పోయి బాపు పైపు తెచ్చి గోడ మీదుగా చేతికిచ్చింది.

"మీ బాపు గుర్తు గదనే, నాకెందుకు?"

"నీకాడుంటే ఏంది, నా కాడుంటే ఏందక్కా!"

రంజాన్ వెళ్ళింది, ఎండలు ముదిరాయి. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చినప్పుడు మోటారు వేసి మిద్దె మీది ట్యాంకు నింపుకుంటే మళ్ళీ నల్లా వచ్చేదాకా సరిపోవాలి. ఎన్నేళ్ళనుంచో సరిపోతూనే ఉంది. ఆ ఏడు సరిపోలేదు. నింపిన మర్నాడు సాయంత్రానికే కుళాయి బుసకొట్టడం మొదలుపెట్టింది. భాగ్యలక్ష్మి ట్యాంకు చుట్టూ చెయ్యి రాసి చూసింది, గొట్టాల అతుకులు చూసింది, అడుగున తడి ఉందేమోనని వంగి చూసింది. ఎక్కడా చుక్క లేదు. బాపు చెప్పినట్టు బొక్కను గాలి చూపించలేదు, నీళ్ళూ చూపించలేదు.

మరి నీళ్ళెక్కడికి పోతున్నట్టు? ఇంట్లో ఉన్నది ముగ్గురు. బాలమల్లు పొద్దంతా కారులోనే. మిగిలింది బళ్ళకు సెలవులిచ్చి ఇంట్లో ఉంటున్న కూతురు. పిల్ల మీద అనుమానం వచ్చిందంటే వచ్చిందే. స్నానాలగదిలో కుళాయి కట్టేయడం లేదంది, నేను చూడనప్పుడు సీసాలతో ఆడుతున్నవంది. "లేదమ్మా, ఒట్టు" అంది ప్రియదర్శిని. భాగ్యలక్ష్మికి కోపం ముక్కు మీదే ఉంటుంది, అది ఆమె మంచితనంలో ఒక చిల్లు, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. ఒకరోజు అంట్లు సగంలో ఉండగా నీళ్ళు ఆగిపోయాయి. సబ్బు చేతులతోనే బయటికొచ్చి, వాకిట్లో ఉన్న పిల్ల చెంప మీద ఒక్కటి వేసింది.

"అబద్ధాలు గూడ నేర్చినవా? నీళ్ళు గాలిల కలిసినయా?"

పిల్ల ఏడవలేదు, నోరు తెరిచి తల్లినే చూస్తూ నిలబడింది. గోడ అవతల బట్టలు ఆరేస్తున్న చంద్రమ్మ గబగబా వచ్చింది. పిల్లను దగ్గరికి తీసుకుంది. అప్పుడు ఏడ్చింది పిల్ల. చంద్రమ్మ తన కొంగుతో కళ్ళు తుడిచి, ముక్కు తుడిచి, వీపు నిమిరింది.

"చిన్న పోరి, తెల్వక చేస్తది. గింత కోపమైతే ఎట్లనే?" అని భాగ్యలక్ష్మిని మందలించింది. పిల్ల లోపలికి పోయాక గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. "అయినా భాగ్యా, గీ ఆదివారం ఆటలకు గూడ బిందెలు బిందెలు పోతున్నయ్. నువ్వు లెక్క జేస్తలేవు. ఎండకాలం ఒడిసేదాకా బందు పెట్టరాదు?"

అక్క చెప్పిన మాట. కాదనడానికి ఏముంది? నిజానికి తొట్టి నీళ్ళు ఆట అయ్యాక మొక్కలకు పోసేవే, ఆ సంగతి భాగ్యలక్ష్మికి తెలుసు. తెలిసి కూడా బందు పెట్టింది. ఆదివారం పిల్లలు గ్లాసులు పట్టుకొని వచ్చి, గేటు దగ్గర మాట విని, గ్లాసులతోనే వెనక్కి పోయారు. ఆమెకు తనది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క పూట. ఆ పూట తొట్టిని బోర్లించి, దాని మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచింది. కూతురు మాట్లాడటం మానేసింది. అడిగితే జవాబు, పెడితే తిండి. తల్లి గదిలోకి వస్తే తను బయటికి పోతుంది. నీళ్ళు మాత్రం ఆటలు ఆగినా అట్లాగే అయిపోతున్నాయి. అప్పుడైనా భాగ్యలక్ష్మికి అనుమానం రావాలి. వచ్చింది, కానీ ఎటు పోవాలో దానికి తెలియలేదు. పక్కకు, గోడ వైపుకు పోవాలని దానికి తోచనే లేదు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశం మూసుకొచ్చింది. ఆ వేళప్పుడు మిద్దె మీదికి ఎవరూ వెళ్ళరు, కాళ్ళు కాలిపోతాయి. కానీ మిద్దె మీద ఏడాదికి సరిపడా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలివాన వస్తే కారం నీళ్ళపాలే. భాగ్యలక్ష్మి సంచి పట్టుకొని పరుగున ఎక్కింది.

ట్యాంకు మూత ఒకపక్క కొద్దిగా లేచి ఉంది. ఆ సందులోంచి ఒక పైపు బయటికి వచ్చి, పిట్టగోడ దాటి, అవతలికి దిగింది. పిట్టగోడ మీద గాలికి ఎగరకుండా రాయి పెట్టిన ఒక పాలపాకెట్ ముక్క, రబ్బరు బ్యాండు, పిండి ముద్ద.

మొదట ఆమెకు పిల్లల మీదే కోపం వచ్చింది. ఈ పద్ధతి తెలిసింది వాళ్ళకే కదా, ఎవడో కొంటెపని చేశాడనుకుంది. పైపు మీద చెయ్యి వేసింది. లోపల నీళ్ళు పారుతున్న వణుకు అరచేతికి తెలిసింది. పైపు ఆకుపచ్చది. కొంచెం పక్కగా బొటనవేలి కింద ఏదో గరుకుగా తగిలింది. చూస్తే బాపు వేసిన ఎర్ర అతుకు.

పిట్టగోడ మీదినుంచి కిందికి చూసింది. చంద్రమ్మ ఇంటి మిద్దె వీళ్ళ మిద్దెకంటే బాగా కిందుగా ఉంటుంది. ఆ మిద్దె మీదినుంచి ఈ పిట్టగోడకు ఒక నిచ్చెన ఆనించి ఉంది. అక్కడ నీలం డ్రమ్ములోకి నీళ్ళు చప్పుడు లేకుండా పడుతున్నాయి. డ్రమ్ము పక్కన, రేకుల నీడలో, చంద్రమ్మ చేటలో చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చుంది. ఆదివారాలు గోడ పక్కన ఎట్లా కూర్చునేదో అట్లాగే కూర్చుంది.

భాగ్యలక్ష్మి ట్యాంకులో మునిగి ఉన్న కొసను నీళ్ళలోంచి పైకి లేపింది. పైపులోకి గాలి పోయింది. గుడగుడమని చప్పుడై కింద ధార ఆగిపోయింది. చంద్రమ్మ తలెత్తి చూసింది.

చంద్రమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

"భాగ్యా, జర నా మాట ఇను. అర్రలు కిరాయికిచ్చిన గద, ఎయిర్‌పోర్టుల పనిచేసే పోరగాండ్లకు. నీళ్ళు లేకుంటే ఖాళీ చేస్తమన్నరు. మస్తు పరేషాన్ల ఉన్ననే."

"అడిగితే ఇయ్యకపోదునా అక్కా?"

"ఇస్తవు. ఇస్తవని ఎరుకే. రోజూ గోడకాడికొచ్చి చెయ్యి చాపాల్నంటే నా మొఖం చెల్లలె."

"మొఖం చెల్లలేదా!" అప్పుడు లేచింది భాగ్యలక్ష్మి గొంతు. "నీళ్ళు పోతే పోయినయ్, నల్లా వస్తే మళ్ళ వస్తయ్. నా బిడ్డను నేను కొట్టిన నాడు నువ్వు గీ గోడకాడనే ఉన్నవ్. నీళ్ళు యాడ పోయినయో నీకెరుక. నా చెయ్యి లేస్తున్నప్పుడు ఒక్క మాట చెప్పకపోతివి. మళ్ళ వచ్చి దాని కండ్లు తుడిస్తివి. నాకు బుద్ధి చెప్తివి. నా ఆదివారం బందు పెట్టిస్తివి!"

చంద్రమ్మ ఏదో అనబోయింది. అంతలో విమానం ఒకటి రెండు మిద్దెల మీదుగా పోయింది. ఆ చప్పుడు దాటిపోయేదాకా ఇద్దరూ నిలబడ్డారు. దాటిపోయాక చంద్రమ్మ చేట అందుకొని రేకుల కిందికి జరిగింది. మొదటి చినుకులు పడ్డాయి. భాగ్యలక్ష్మి పైపును చేతికి చుట్టుకుంటూ మొత్తం పైకి లాగేసింది. మిరపకాయలు సగం తడిశాయి.

మంచిగా నేర్చుకుంటుందని మురిసి మూడుసార్లు చూపించిందే, అదే ఆమెను ఎక్కువ కాల్చింది. దొంగ చేతికి పనీ తనే నేర్పింది, పనిముట్టూ తనే ఇచ్చింది, అదీ బాపు చెయ్యి తగిలిన వస్తువు. దొంగ అనే మాట మనసులో వచ్చిన ప్రతిసారీ వెనకాలే అక్క అనే మాట కూడా వచ్చేది. రెండింటినీ ఒకే మనిషికి అతికించడం ఆమెవల్ల కాలేదు. దవాఖానలో రాత్రంతా తన కాళ్ళు పిసికిన చేతులు, ట్యాంకు మూత లేపిన చేతులు ఒక్కటే అంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం కూతురి ముందు కూర్చొని ఉన్నదంతా చెప్పింది. తప్పు నాదే బిడ్డా అంది. పిల్ల పైపు వంకా, అతుకు వంకా చూసింది.

"నేను తియ్యలేదని చెప్పిన గద."

"చెప్పినవ్."

"ఒట్టేసిన గూడ."

"ఏసినవ్. నేనే ఇనలె."

పిల్ల తల్లి చేతిని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. "పెద్దమ్మ గట్ల చెయ్యదమ్మా" అంది చివరికి. కళ్ళారా చూశానని తల్లి ఎంత చెప్పినా అదే మాట అంది.

వచ్చిన ఆదివారం భాగ్యలక్ష్మి తొట్టిని మళ్ళీ నిలబెట్టింది. కబురు పెట్టకుండానే పిల్లలు వచ్చేశారు. రిదా ఇంట్లో ఉన్న మంచి గాజుగ్లాసు తెచ్చింది, సకీనాకు తెలియదేమో. పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి, నడుమ కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గ్లాసు బోర్లించారు. మంట ఆరిపోయింది. గ్లాసులోని గాలి చల్లబడేకొద్దీ పళ్ళెంలోని పసుపు నీళ్ళు గ్లాసులోకి పాకి పైకెక్కాయి. పిల్లలు పాత కేకలే పెట్టారు. ప్రియదర్శిని కూడా వచ్చి చివరన కూర్చుంది. గోడ అవతల చేట చప్పుడు వినిపిస్తోంది. చంద్రమ్మ కనిపించడం లేదు, కానీ అక్కడే కింద ఎక్కడో కూర్చుని ఉంది. గోడ మీద ఆమె పెట్టిన గిన్నె ఒకటి పొద్దున్నుంచి అట్లాగే ఉంది. భాగ్యలక్ష్మి దాన్ని ముట్టుకోలేదు.

ఎందుకుల వంతు వచ్చింది. నీళ్ళు పైకెందుకు ఎక్కాయని అమ్మార్ అడిగాడు, లోపలి గాలి చల్లబడి బలం తగ్గితే బయటి గాలి నీళ్ళను తోసిందని చెప్పింది. విమానం అంత బరువుండి ఎందుకు పడదని రిదా అడిగింది, తెల్వదు, తెలుసుకొని చెప్త అంది. బిస్కెట్లు పంచుకుంటూ వచ్చి కూతురి దగ్గర ఆగింది.

"నీది అడుగు బిడ్డా."

ప్రియదర్శిని తల ఎత్తలేదు. మెల్లగానే అడిగింది, కానీ అప్పుడు నెత్తి మీద విమానం కూడా లేదు.

"నీళ్ళు తానే తీసినప్పుడు, పెద్దమ్మ నా కండ్లెందుకు తుడిచింది?"

గోడ అవతల చేట చప్పుడు ఆగిపోయింది. పిల్లలంతా భాగ్యలక్ష్మి వైపు చూశారు. తెలియని ప్రశ్నకు ఆమె ఏమంటుందో వాళ్ళందరికీ తెలుసు. ఆ మాట కోసమే ఎదురుచూశారు.

"తెల్వదు బిడ్డా" అంది భాగ్యలక్ష్మి.

రిదా రెండో ముక్క కోసం ఇంకా ఆగింది. 'తెలుసుకొని చెప్త' అనే మాట రాలేదు. భాగ్యలక్ష్మి బిస్కెట్టు కూతురి చేతిలో పెట్టి, పళ్ళెంలోని పసుపు నీళ్ళు తీసుకొని మొక్కల దగ్గరికి వెళ్ళింది.